ఈ ఒక్క పంచాయితీకి కూర్చోకండి

ఉమ్మడి నల్గొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో ఊరి పంచాయితీలు చెప్పే పెద్దమనుషులకు, కులపెద్దలకు, సర్పంచులకు నమస్కారం.

నేను ఈ ప్రాంతంలోనే 31 ఏళ్లు ప్రభుత్వ బడుల్లో తెలుగు చెప్పి పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయురాలిని. మీలో కొందరు నా దగ్గర చదువుకున్నవాళ్లే. ఇంకొందరి పిల్లలకు నేను అక్షరాలు దిద్దించాను. ఆ చనువుతోనే ఈ ఉత్తరం రాస్తున్నాను.

ముందుగా ఒక మాట చెప్పాలి. మీ పెద్దరికం మీద నాకు చిన్నచూపు లేదు. పొలం గట్టు జరిపాడని కొట్టుకోబోయిన అన్నదమ్ములను మీరు వేపచెట్టు కింద కూర్చోబెట్టి ఒక్క పూటలో సర్దిచెప్పడం చూశాను. బోరు నీళ్ల వాటా తగాదాలు, చిట్టీల గొడవలు, అత్తాకోడళ్ల పంతాలు కోర్టుకు వెళ్లకుండా ఆపి ఎన్నో ఇళ్లు నిలబెట్టారు. వకీలుకు ఇచ్చుకోలేని పేదవాడికి మీ అరుగే కోర్టు. అందుకే మిమ్మల్ని అడుగుతున్నాను. ఒక ఆడపిల్ల వచ్చి ఫలానావాడు నా మీద చెయ్యి వేశాడని చెప్పినప్పుడు, ఫలానావాడు నన్ను చెరిచాడని ఒక తల్లి ఏడుస్తూ మీ ముందుకు వచ్చినప్పుడు, ఆ ఒక్క పంచాయితీకి మాత్రం కూర్చోకండి.

నేను అలాంటి ఒక పంచాయితీలో కూర్చున్నాను. అది 2014 వానాకాలం. ఊరి పేరు చెప్పను. ఆ అమ్మాయి ఎవరో తెలియకూడదని కొన్ని వివరాలు మార్చాను. కానీ చార్టు సంగతి మాత్రం ఉన్నది ఉన్నట్టే రాస్తున్నాను.

తొమ్మిదో తరగతి పిల్లలతో గోడపత్రిక తయారుచేయించాలనుకున్నాను. మర్నాడు వచ్చేటప్పుడు ఒక తెల్ల చార్టు తీసుకురమ్మని ఆ అమ్మాయితో చెప్పాను. ఆమె చేతిరాత ముత్యాల్లా ఉంటుంది, అందుకే ఆమెకు చెప్పాను. సాయంత్రం ఇంట్లో పనులన్నీ చేసి, చీకటి పడే వేళకు దుకాణానికి వెళ్లింది. చార్టులు లోపలి గదిలో ఉన్నాయి, వచ్చి ఏరుకోమన్నాడు దుకాణదారు. అతనికి యాభై ఏళ్లుంటాయి. ఊళ్లో సగం మందికి ఎరువులు, పురుగుమందులు అప్పు మీద ఇచ్చేది అతనే. ఆ గదిలో ఏం జరిగిందో రాయను. ఆ అమ్మాయి ఇంటికి పరుగెత్తుకుంటూ వచ్చేసరికి చేతిలో ఆ చార్టు ఇంకా ఉందట.

రెండు రోజుల తర్వాత పంచాయితీ పెట్టారు. ఆనవాయితీ ప్రకారం రెండు వైపులా పది వేల చొప్పున ధరావత్తు కట్టమన్నారు. తల్లి చెవి కమ్మలు కుదువ పెట్టి ఆ పది వేలు తెచ్చారు. కూతురికి జరిగింది చెప్పుకోవడానికి ముందు డబ్బు కట్టాల్సి వచ్చింది. బడి పిల్ల కాబట్టి టీచరమ్మ కూడా ఉంటే బాగుంటుందని నన్ను పిలిపించి, పెద్దమనుషుల పక్కన ఒక ప్లాస్టిక్ కుర్చీ వేశారు. ఆ అమ్మాయి నిలబడింది. తల్లి కింద నేల మీద కూర్చుంది.

ప్రశ్నలన్నీ అమ్మాయికే. ఆ వేళప్పుడు దుకాణానికి ఎందుకు వెళ్లావు? లోపలి గదిలోకి ఎందుకు వెళ్లావు? కేకలు ఎందుకు వేయలేదు? ఆ రాత్రే ఎందుకు చెప్పలేదు? అంతకుముందు కూడా ఆ దుకాణానికి ఒక్కదానివే వెళ్లేదానివి కదా? నేను లెక్కపెట్టాను. ఆమెను పదకొండు ప్రశ్నలు అడిగారు. అతన్ని అడిగింది ఒక్కటే: "ఏమంటావు?" అతను, "చిన్నపిల్ల, ఏదో అపార్థం చేసుకుంది. నాకు కూతురులాంటిది" అన్నాడు. దాని మీద మరో ప్రశ్న పడలేదు.

ఆ మొదటి ప్రశ్నకు ఆమె "చార్టు కోసం" అని చెప్పింది. "చార్టు పొద్దున కొనుక్కోకూడదా?" అన్నాడు ఒక పెద్దమనిషి. ఆమె తల తిప్పి నా వైపు చూసింది. నేను తల దించుకున్నాను. ఆ ఊళ్లో ఇంకా కొన్నేళ్లు ఉద్యోగం చేయాలి, బడి గోడ కట్టడానికి చందా ఇచ్చినవాళ్లలో ఆ దుకాణదారు కూడా ఉన్నాడు, నేను నోరు విప్పితే ఏమవుతుందో అని లెక్కలు వేసుకుంటూ కూర్చున్నాను.

నలభై వేలకు తెగింది. అందులో కొంత పంచాయితీ ఖర్చుల కింద పోయింది. మిగిలింది తండ్రి చేతికి రాలేదు. ఎరువుల బాకీ కింద జమ కట్టుకున్నారు. వంద రూపాయల స్టాంపు కాగితం మీద, ఇకపై ఈ విషయం ఎవరూ ఎక్కడా ఎత్తకూడదని రాసి తండ్రితో వేలిముద్ర వేయించారు. దుకాణదారు లేచి చేతులు జోడించాడు, పెద్దమనుషులకు. ఆ అమ్మాయి వైపు తిరగను కూడా లేదు.

సోమవారం ఆమె బడికి వచ్చి, చార్టును నా బల్ల మీద పెట్టి వెళ్లిపోయింది. నడుమ గట్టిగా పట్టుకున్న చోట అది నలిగిపోయి ఉంది. ఆ తర్వాత ఆమె బడికి రాలేదు. పదహారేళ్లు నిండకుండానే దూరపు సంబంధం చూసి పెళ్లి చేసి పంపించారు. దుకాణం మాత్రం ఒక్కరోజు కూడా మూతపడలేదు. మేము గోడపత్రిక వేయనే లేదు. ఆ చార్టు ఇప్పటికీ నా బీరువాలో ఉంది.

అప్పటికే పోక్సో చట్టం వచ్చి రెండేళ్లు కావస్తోంది. 2012 నవంబరు 14 నుంచి అది అమల్లో ఉంది. పద్దెనిమిదేళ్లు నిండని పిల్లల మీద లైంగిక నేరం జరిగిందని తెలిసిన ఎవరైనా సరే పోలీసులకు చెప్పి తీరాలని అందులోని 19వ సెక్షన్ అంటోంది. చెప్పకపోతే ఆరు నెలల వరకు జైలు. చట్టం ప్రకారం ఆ రోజు ఆ వేపచెట్టు కింద కుర్చీల్లో కూర్చున్న ప్రతి ఒక్కరూ నేరం చేశారు. నేనూ చేశాను. ఇది మిమ్మల్ని భయపెట్టడానికి రాయడం లేదు. నా తప్పు నేను ఒప్పుకోకుండా మీకు ఉత్తరం రాసే అర్హత నాకు లేదు.

ఆ తర్వాత ఐదేళ్లకు జరిగింది ఇంకొకటి ఉంది. 2019 నవంబరు 27 రాత్రి శంషాబాద్ దగ్గర ఒక పశువైద్యురాలిని అత్యాచారం చేసి చంపి, షాద్‌నగర్ దగ్గర చటాన్‌పల్లి వంతెన కింద కాల్చేశారు. షాద్‌నగర్ మొన్నమొన్నటి దాకా మన మహబూబ్‌నగర్ జిల్లాలోదే. నిందితులు నారాయణపేట జిల్లా మక్తల్ ప్రాంతం యువకులు. ఆ వారం రోజులూ మన ఊళ్లలో కొవ్వొత్తుల ఊరేగింపులు జరిగాయి. మా మండల కేంద్రంలో ఊరేగింపు ముందు వరసలో, "ఉరి తీయాలి" అని గొంతు పోయేలా అరుస్తూ నడిచినవారిలో ఒకరు ఆనాడు "చార్టు పొద్దున కొనుక్కోకూడదా" అని అడిగిన పెద్దమనిషి. డిసెంబరు 6 తెల్లవారుజామున ఆ నలుగురూ చటాన్‌పల్లి దగ్గరే పోలీసు కాల్పుల్లో చనిపోతే జనం పోలీసుల మీద పూలు చల్లారు. ఊరూరా మిఠాయిలు పంచారు.

ఆ పెద్దమనిషి కోపం నిజమైనదే. నటన అని నేను అనను. కానీ ఆ రోజు నుంచి నన్ను ఒక ఆలోచన వదలలేదు. నేరం చేసినవాడు ఎక్కడో దూరపువాడైతే మనకు ఎన్‌కౌంటర్ కావాలి. మన ఊరివాడైతే, మన కులంవాడైతే, మనకు అప్పిచ్చేవాడైతే రాజీ కావాలి. రెండింటిలోనూ కోర్టు లేదు, విచారణ లేదు, ఆమె మాటను ఓపికగా విని రాసుకునేవాళ్లు లేరు. ఆ కాల్పుల మీద సుప్రీంకోర్టు వేసిన జస్టిస్ సిర్పూర్కర్ కమిషన్ 2022లో ఇచ్చిన నివేదిక, చంపాలనే ఉద్దేశంతోనే కాల్చారని తేల్చింది. నలుగురిలో ముగ్గురు మైనర్లని కూడా చెప్పింది. ఇక ఆ రాత్రి ఏం జరిగిందో, ఎవరు ఏం చేశారో కోర్టులో తేలే దారి లేకుండా పోయింది. ఆ రాత్రి కూతురు కనిపించడం లేదని ఠాణాకు వెళ్లిన కుటుంబానికి ఎదురైన తిప్పలు మాత్రం అందరూ మరిచిపోయారు. ఇది మా పరిధిలోకి రాదన్నారని, ఎవరితోనైనా వెళ్లిపోయిందేమో అన్నారని వాళ్లు చెప్పారు. కేసు నమోదులో ఆలస్యం చేసినందుకు ముగ్గురు పోలీసులను సస్పెండ్ చేశారు.

"ఎవరితోనైనా వెళ్లిపోయిందేమో." ఈ మాట గురించి కొంచెం ఆగి ఆలోచించండి. మన పాత నల్గొండ జిల్లాలోని హాజీపూర్‌ను ఎలా మరిచిపోతాం? బొమ్మలరామారం మండలం. 2019 ఏప్రిల్‌లో బడి నుంచి వస్తూ కనిపించకుండా పోయిన ఒక అమ్మాయి కోసం వెతికితే పాడుబడ్డ బావిలో శవం దొరికింది. ఆ తర్వాత అంతకుముందు మాయమైన మరో ఇద్దరు అమ్మాయిల ఆనవాళ్లు కూడా బావుల్లోనే బయటపడ్డాయి. వాళ్లలో ఒక పాప 2015 నుంచి కనిపించడం లేదు. ఇంకొక అమ్మాయి ఎవరితోనో వెళ్లిపోయి ఉంటుందనుకుని ఇంట్లోవాళ్లు ఫిర్యాదే చేయలేదని అప్పుడు పత్రికలు రాశాయి. ఆ తల్లిదండ్రులను నేను తప్పుపట్టడం లేదు. ఆడపిల్ల కనిపించకపోతే మొదట ఆమె నడవడినే అనుమానించడం మనమందరం కలిసి వాళ్లకు నేర్పాం. ఫిర్యాదు చేస్తే ఊరు ఏమంటుందో అన్న భయం కన్న ప్రేమను కూడా నోరెత్తనివ్వలేదు. ఆ ముగ్గురినీ చంపినవాడు అదే ఊరివాడు, బస్సు లేని దారిలో బండి మీద దింపుతానని ఎక్కించుకున్నవాడు. 2020 ఫిబ్రవరి 6న నల్గొండ ప్రత్యేక కోర్టు అతనికి మరణశిక్ష వేసింది.

మన భయాలన్నీ చీకట్లో ఎదురయ్యే తెలియనివాడి చుట్టూ తిరుగుతాయి. జాతీయ నేర నమోదు సంస్థ 2019 లెక్కల ప్రకారం, దేశంలో నమోదైన అత్యాచారం కేసుల్లో 94 శాతం నిందితులు బాధితురాలికి తెలిసినవాళ్లే. బంధువు, పొరుగువాడు, పనిచ్చేవాడు, పెళ్లాడతానని నమ్మించినవాడు. అంటే అలాంటి సంగతి మీ ముందుకు వచ్చినప్పుడు, ఆ మనిషి మీకు కూడా తెలిసినవాడే అయి ఉంటాడు. పొద్దున మీతో కలిసి చాయ్ తాగినవాడై ఉంటాడు. అందుకే మీరు ఆ తీర్పు చెప్పలేరు. ఎంత ధర్మాత్ములైనా చెప్పలేరు. రక్తసంబంధం, అప్పు, ఓటు, కులం ముడిపడి ఉన్నచోట ఎవరూ తటస్థంగా ఉండలేరు.

ఈ రాజీకి కాగితం మీద కూడా విలువ లేదు. 2015లో మదన్‌లాల్ కేసులో సుప్రీంకోర్టు, అత్యాచారం కేసుల్లో రాజీ అనే ఆలోచనకే చోటు లేదని స్పష్టంగా చెప్పింది. అందులో బాధితురాలు ఏడేళ్ల పాప. 2021లో ఇంకో కేసు. పక్కింటి స్త్రీ మీద చెయ్యి వేసినవాడికి మధ్యప్రదేశ్ హైకోర్టు ఆమెతో రాఖీ కట్టించుకోమని షరతు పెట్టి బెయిలు ఇస్తే, సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసి, పెళ్లి చేసుకోమనో రాజీపడమనో కోర్టులు సూచించనే కూడదని అన్నది. ఇక 2024 నవంబరులో వచ్చిన తీర్పును మీరు తప్పక తెలుసుకోవాలి. రాజస్థాన్‌లో ఒక ఉపాధ్యాయుడు బడిలో పిల్లతో అసభ్యంగా ప్రవర్తించాడని కేసు. తర్వాత తండ్రి స్టాంపు కాగితం మీద, ఏదో అపార్థం జరిగిందని రాసిచ్చాడు. హైకోర్టు కేసు కొట్టేసింది. ఆ కుటుంబానికి ఏమీ కాని స్థానికులు ఊరుకోలేక సుప్రీంకోర్టు దాకా వెళ్లారు. ఇలాంటి నేరం ఆ రెండు కుటుంబాల సొంత వ్యవహారం కాదని చెప్పి, కోర్టు ఆ కేసును మళ్లీ నిలబెట్టింది. ఆ తీర్పు గురించి చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు. అపార్థం, స్టాంపు కాగితం, తండ్రి సంతకం. అంతా మన వేపచెట్టు కింది కథే. ఒక్కటే తేడా, అక్కడ ఎవరో ఒకరు లేచి నిలబడ్డారు.

మీరు చెప్పే కారణాలు నాకు తెలుసు. ముప్పై ఏళ్లుగా వింటున్నాను. కేసు పెడితే పిల్ల పేరు బజారున పడుతుందంటారు. బాధితురాలి పేరు, ఊరు బయటపెట్టడం చట్టప్రకారం నేరం. పోక్సో కేసులో పోలీసులే యూనిఫాం లేకుండా పిల్ల ఉన్నచోటికి వచ్చి వాంగ్మూలం తీసుకోవాలి. వీలైనంతవరకు ఆ వచ్చేది మహిళా అధికారే కావాలి. అదే మీ పంచాయితీకి వందమంది వచ్చారు. బజారున పడేసింది ఎవరు?

కోర్టులో ఏళ్లు పడుతుందంటారు. నిజమే. ఈ విషయంలో మీతో వాదించను. వాయిదాలు పిల్లలను ఎంత నలిపేస్తాయో నాకు తెలుసు. కానీ ఆ అమ్మాయికి మీ తీర్పు ఎంతకాలం పట్టిందో కూడా లెక్కేయండి. ఒక్క పూటలో తేలింది, ఆమె బతుకంతా మోస్తోంది.

తప్పుడు కేసులు ఉండవా అంటారు. ఉంటాయి. గట్టు తగాదాల కోసం, పాత పగల కోసం ఆడవాళ్లను ముందుపెట్టి కేసులు పెట్టించినవాళ్లు ఉన్నారు. అన్యాయంగా నింద పడ్డ మగవాడి బాధ చిన్నదని నేను అనను. అలాంటివాడిని కాపాడేది కూడా దర్యాప్తే. సాక్ష్యం సేకరించి, ఫోను రికార్డులు చూసి, వైద్య పరీక్ష చేయించి అబద్ధాన్ని అబద్ధమని తేల్చగలిగేది పోలీసులు, కోర్టు. పంచాయితీలో డబ్బు కట్టి బయటపడ్డవాడు నిర్దోషి అయినా ఆ మచ్చ పోదు. నేరస్థుడైతే ధర ఎంతో తెలుసుకుని పోతాడు.

అన్నిటికంటే నన్ను బాధపెట్టేది ఇంకొకటి: "ఆమె అలాంటిదే." ఈ మాటకు ఎంత చరిత్ర ఉందో చూడండి. 1978లో హైదరాబాద్ నల్లకుంట ఠాణాలో రమీజాబీ మీద పోలీసులు అత్యాచారం చేశారు. అడ్డుపడిన ఆమె భర్తను, ఒక రిక్షా కార్మికుడిని, కొట్టి చంపారు. నగరం భగ్గుమంది. జస్టిస్ ముక్తదర్ కమిషన్ పోలీసులను తప్పుపట్టింది. అయినా ఆమె వ్యభిచారి అనే ప్రచారం ఆగలేదు, రాయచూరు కోర్టుకు మారిన కేసులో పోలీసులు నిర్దోషులుగా బయటపడ్డారు. అదే 1978లో సుప్రీంకోర్టు మహారాష్ట్ర ఆదివాసీ అమ్మాయి మధుర కేసులో ఇద్దరు పోలీసులను వదిలేసింది. ఒంటి మీద గాయాలు లేవు కాబట్టి ఆమె ఇష్టపడిందన్నారు. "కేకలు ఎందుకు వేయలేదు" అనే మన ప్రశ్నను ఆనాడు దేశంలోనే పెద్ద కోర్టు వేసింది. 1979లో నలుగురు న్యాయశాస్త్ర అధ్యాపకులు, ఉపేంద్ర బక్షి, లోతికా సర్కార్, వసుధా ధగంవార్, రఘునాథ్ కేల్కర్, నేరుగా ప్రధాన న్యాయమూర్తికే బహిరంగ లేఖ రాశారు. దేశమంతా ఆడవాళ్లు వీధుల్లోకి వచ్చారు. 1983లో చట్టం మారింది. ఇప్పుడు కోర్టులో ఆమె గతం గురించి ప్రశ్నలు వేయడానికి వీల్లేదు. ఆమెకు అంతకుముందు సంబంధాలు ఉన్నాయేమో చూస్తామనే రెండు వేళ్ల పరీక్ష చేసే డాక్టరుది తప్పని 2022లో సుప్రీంకోర్టు తేల్చింది. సుప్రీంకోర్టే మారింది. మన అరుగు ఇంకా 1978లోనే ఉంది.

ఊరి పెద్దలు ఎదురుగా ఉంటే తప్పు కూడా ఒప్పుగా చలామణి అవుతుందని మన ప్రాంతానికి వేరే చెప్పాలా? దొర బిడ్డ అత్తారింటికి వెళ్తుంటే పేదింటి పిల్లను ఆడబాపగా, అంటే దాసిగా, వెంట పంపించిన నేల మనది. ఆ పిల్ల గతి ఏమవుతుందో తెలిసి కూడా దొరతో మనకెందుకని అప్పటి పెద్దలు ఊరుకున్నారు. ఆంధ్ర మహాసభ సంఘం వచ్చి ఎదిరించేదాకా అది సాగింది. పాలమూరులో ఆడపిల్లలను దేవుడి పేరు చెప్పి జోగినులుగా మార్చిందీ ఊరందరి సమక్షంలోనే. అది నేరమని 1988లో చట్టం చేయాల్సి వచ్చింది. ఆ చెట్టు కింద మీరు ఒక మనిషికి "సరే, పొరపాటు జరిగింది" అన్నప్పుడు, మీ తెల్లబట్టల గౌరవమంతా అతనికి అప్పుగా ఇస్తున్నారు.

గద్వాల వైపు సీడు పత్తి చేలల్లో క్రాసింగ్ పనికి వెళ్లే ఆడపిల్లలు ఉన్నారు, వలస వెళ్లి మేస్త్రీ చెప్పుచేతల్లో బతికే పాలమూరు తల్లులు ఉన్నారు. వాళ్లు మీ దాకా కూడా రాలేరు, ఎందుకంటే మేస్త్రీయే మీ మనిషి. పదిమంది కంటే తక్కువ పనిచేసే చోటయినా, ఫిర్యాదు యజమాని మీదే అయినా, జిల్లా స్థాయిలో స్థానిక కమిటీ వినాలని, పనిచేసే చోట లైంగిక వేధింపుల మీద 2013లో వచ్చిన చట్టం చెబుతోంది. ఆ కమిటీ ఒకటి ఉందని కూలీలకు చెప్పేవాళ్లే లేరు. గ్రామసభలో ఒక్కసారి మీరు చెప్పినా చాలు.

మరి మేం చేయాల్సింది ఏమిటని అడుగుతారు. పెద్దరికం వదిలేయమని అనడం లేదు. దాన్ని సరైన చోట వాడమంటున్నాను.

ఆడపిల్ల గానీ ఆమె తల్లి గానీ మీ గడప తొక్కితే ఏ ప్రశ్నా వేయకండి. "నువ్వు చెప్పింది విన్నాను, నీ తప్పు లేదు" అనండి. పద్దెనిమిది నిండనిదైతే వెంటనే పోలీసులకు చెప్పండి, అందులో మీకు ఎంపిక లేదు. పెద్దదైతే నిర్ణయం ఆమెది. వద్దంటే బలవంతం చేయకండి, వెళ్తానంటే మీరే వాహనం మాట్లాడండి. స్నానం చేయొద్దని, ఆ బట్టలు ఉతక్కుండా కాగితం సంచిలో పెట్టమని మీ ఇంటి ఆడవాళ్లతో మెల్లగా చెప్పించండి. ఆసుపత్రి ఏదైనా, ప్రైవేటుదైనా సరే, ఉచితంగా వైద్యం చేయాలి. ఏ ఠాణాకైనా వెళ్లవచ్చు, మా పరిధి కాదనడానికి వీల్లేదు. కేసు రాసుకోకపోతే ఆ అధికారికే జైలు శిక్ష ఉంది. ఎఫ్ఐఆర్ ప్రతి డబ్బు లేకుండా ఇవ్వాలి. అత్యవసరమైతే 112, పిల్లలకైతే 1098, ఆడవాళ్లకు 181. ఈ మూడు నంబర్లు పంచాయతీ ఆఫీసు గోడ మీద పెద్ద అక్షరాలతో రాయించండి. ఇలాంటి ఆపదలో సాయం చేసే సఖి కేంద్రం, భరోసా కేంద్రం, జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఎక్కడున్నాయో మీకు తెలిసి ఉండాలి.

అసలు మీ పని ఆ తర్వాత మొదలవుతుంది. కేసు పెట్టిన మర్నాటి నుంచి ఆ కుటుంబం ఒంటరిదవుతుంది. అప్పు తీర్చమని కబురు వస్తుంది. కూలికి పిలవరు. ట్రాక్టరు దున్నడానికి రాదు. సాక్షులు ఒక్కొక్కరే వెనక్కి తగ్గుతారు. దళితులో గిరిజనులో అయితే ఇంకా ఎక్కువ. అక్కడ ఏ పోలీసూ కాపలా కాయలేడు, మీరు మాత్రమే కాయగలరు. ఆ ఇంటికి పనులు ఆగకుండా చూడండి. వాళ్ల బాకీ గడువు పొడిగించమని ఆ అప్పిచ్చినవాడికి మీరు చెప్తే వింటాడు. పిల్ల బడికి రోజూ వెళ్లేలా, దారిలో ఎవరూ ఒక్క మాట అనకుండా చూడండి. సాక్షి కోర్టుకు వెళ్లేరోజున మీరు పక్కన నడవండి. ఇన్నేళ్లు సంపాదించుకున్న మాట విలువను ఇంతకంటే మంచి చోట ఖర్చుపెట్టలేరు.

ఎప్పుడు ఏ ఊరి నుంచి కబురు వచ్చినా, ఏ రాత్రి అయినా, ఆ పిల్లతో పాటు ఠాణాకు రావడానికి నేను సిద్ధంగా ఉన్నాను. నా పాత విద్యార్థులందరి దగ్గరా నా నంబరు ఉంది.

కిందటేడు ఒక బస్టాండులో ఆ అమ్మాయి కనిపించింది. ఆమే నన్ను గుర్తుపట్టింది. చంకలో కూతురు ఉంది. పిల్లకు ఐదేళ్లట, బడిలో వేశానని చెప్పింది. బస్సు వచ్చేదాకా ఏవో మాటలు మాట్లాడుకున్నాం. బస్సు ఎక్కబోతూ వెనక్కి తిరిగి, "టీచర్, ఆ రోజు మీరు ఒక్క మాట అంటారేమో అని చూశాను" అంది. కోపంగా అనలేదు. అది నాకు ఇంకా కష్టమైంది.

ఆ వేళప్పుడు దుకాణానికి ఎందుకు వెళ్లావని మీరు ఆమెను అడిగారు కదా. నేనే పంపాను. చార్టు తెమ్మన్నది నేను.

ఇట్లు,
ఒక విశ్రాంత తెలుగు ఉపాధ్యాయురాలు,
నల్గొండ